హాజరు – 14: జున్నుపాల గిన్నె

పోయిన వారం తనూజను నోటీసు బోర్డు ముందర వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

బోర్డు మీద హాజరు తక్కువైన వాళ్ల జాబితా. అందులో ఆరో పేరు ఆమెది. నాలుగు వందల ఎనభై గంటల్లో మూడు వందల ఇరవై రెండు, అంటే అరవై ఏడు శాతం. దాని కింద ఎర్ర గీత. డెబ్భై ఐదు ఉంటే హాల్ టికెట్ చేతికొస్తుంది. అరవై ఐదు దాటకపోతే ఎవరు చెప్పినా రాదు. ఈ రెంటి నడుమ చిక్కిన వాళ్ల గతి కాలేజీ కమిటీ చేతిలో ఉంటుంది. కారణం నమ్మితే కండోనేషన్ ఇచ్చి పరీక్షకు పంపుతారు. నమ్మకపోతే డిటెయిన్. ఆ సెమిస్టరు మొత్తం వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చుని మొదటి నుంచి చదువుకోవాలి.

ఇదే తనూజ మొదటి మూడు సెమిస్టర్లలో క్లాసు ఫస్టు. సీజీపీఏ తొమ్మిది పాయింట్ రెండు. మార్కులకు ఆమెతో ఏ పేచీ లేదు, గడియారానికే ఉంది. తల్లి పుష్పమ్మ కొట్టంలో బండ మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న నాటి నుంచి, నాలుగు నెలలుగా, పొద్దుటి పాలు పిండేది తనూజే. మూసీ అవతల పత్తర్‌గట్టి వైపు పదకొండు ఇళ్లకు పోసేదీ తనూజే. ఎనిమిదిన్నరకు మొదటి గంట కొడితే, ఆమె స్కూటీ ఎనిమిది యాభైకి గేటు దాటేది. వారంలో నాలుగు రోజులు మొదటి గంట స్టాటిస్టిక్స్, గోవర్ధన్ సార్‌ది. సార్ పేర్లు పిలిచి రిజిస్టర్ మూశాడంటే మూసినట్టే. తల్లిని ఆస్పత్రికి తిప్పిన రోజులైతే మొత్తానికే పోయాయి.

ఆస్పత్రి కాగితాలు పెట్టి అర్జీ ఇచ్చింది. కమిటీ సోమవారం కూర్చుంది. ఇవాళ బుధవారం. అటెండర్ రాజన్న చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, "అమ్మా తనూజా, మేడం రమ్మంటుంది. గోవర్ధన్ సార్ గూడ ఆడనే ఉన్నడు" అన్నాడు. అక్కడ ఆపాం.

"ఎందుకంట అన్నా?" అని అడిగింది తనూజ.

"నాకేం దెలుసమ్మా. గని రూమ్ల ఏదో వాసనొస్తుంది. ఫ్యాన్ ఫుల్‌కు పెట్టమన్నరు." రాజన్న ముక్కు నలుపుకున్నాడు. "పో, ఫికర్ జేయకు. సార్ మొన్న కమిటీల నీ గురించి మంచిగనే మాట్లాడిండు. చాయ్ ఇయ్యబోయినప్పుడు నా చెవులార విన్న."

ఆ ఒక్క మాటతో తనూజ మూడంతస్తుల మెట్లు ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ హాల్ టికెట్ మీద ఏ ఫోటో పెట్టాలో కూడా అనుకుంది.

ప్రిన్సిపాల్ సుజన మేడం గదిలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. ఆ వాసన ఏంటో ఈ కాలేజీలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, తనూజకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. చిక్కటి పాలు పొయ్యి ఎక్కక, ఎండాకాలం రాత్రంతా మూతకింద మగ్గి విరిగితే వచ్చే పులుపు అది. మేడం బల్ల మీద ఫైళ్ల నడుమ ఒక స్టీలు గిన్నె ఉంది. మూత పక్కకు జరిగి, లోపల పసుపుపచ్చటి గడ్డలు, పైన నీళ్లు.

"ఈ గిన్నె ఎవరిదో చెప్పగలవా?" అంది సుజన మేడం. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది.

గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి. సాయిలు, పుష్పమ్మ. పెళ్లినాటి గిన్నె. పండక్కి తప్ప అటక దిగదు.

"మాదే మేడం."

"నిన్న సాయంత్రం మీ నాన్న దీన్ని గోవర్ధన్ సార్ ఇంట్లో ఇచ్చి వెళ్లాడు. సార్ లేనప్పుడు. వాళ్లమ్మగారి చేతికి."

తనూజకు నిన్న పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. తొలిచూలు బర్రె ఈనింది. పాలు చారెడే దిగాయి. దూడ తాగగా మిగిలింది సాయిలు పిండి పక్కన పెట్టాడు. "ఈసారి ఇంట్ల జున్ను లేదా బాపు?" అని ఆమె అడిగితే, "ఈపారి లేదు బిడ్డా, దూడకే సాల్తలేవు" అన్నాడు. ఆమె నమ్మింది.

"అది జున్నుపాలు మేడం. మావోళ్లు అమ్మరు. బర్రె ఈనినప్పుడు పాలు పోసే ఇండ్లకు ఉత్తగనే ఇస్తం. మా తాతల కాడికెళ్లి గంతే. ఎవ్వర్నన్న అడగుండ్రి."

"ఉత్తగా ఇస్తారని నాకూ తెలుసమ్మా." ఇంతసేపూ కిటికీ బయటికి చూస్తున్న గోవర్ధన్ సార్ ఇటు తిరిగాడు. నలభై దాటిన మనిషి, చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకునే మనిషి. "మాదీ పల్లెటూరే. జున్నంటే ఏంటో నాకు చెప్పనక్కర్లేదు. మీరు పోసే పదకొండు ఇళ్లకూ ఇచ్చారా ఈసారి?"

తనూజ నోరు తెరిచింది. అబద్ధం నాలుక చివరే ఉంది. ఔనంటే చాలు, పదకొండు ఇళ్లు తిరిగి ఎవరు అడిగొస్తారు? కానీ గిన్నెలోని ఆ కాసిన్ని గడ్డలు చూస్తే పదకొండు వాటాలు ఎక్కడ కనపడతాయి.

"లేదు సార్."

"ఇంకెవరికైనా?"

"మేం గూడ తినలే సార్."

సార్ కళ్లజోడు తీశాడు. తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నాడు. "మా అమ్మకు మీ నాన్న ఏం చెప్పాడో తెలుసా? 'సార్‌కు జెప్పుండ్రి పెద్దమ్మా, ఇది మా తనూజ పేరు మీద' అన్నాడట. అంతే అన్నాడు. ఇంకేం అడగలేదు. నేను రాత్రంతా ఆ మాట గురించే ఆలోచించాను. ఎట్ల తిప్పి చూసినా అది కానుకే, ఎందుకోసమో చెప్పి ఇచ్చిన కానుక."

"సార్, మా బాపుకు చదువు రాదు. ఆయనకు మీరు..." ఎలా చెప్పాలో తెలియక ఆగింది. "పోలేరమ్మకు ముంతల పోసినట్టు పోసిండు సార్. మీకు లంచమిద్దామని గాదు."

ఆ మాటకు సుజన మేడం చూపు దించుకుంది. సార్ మటుకు దించుకోలేదు.

"సోమవారం కమిటీలో నీకు కండోనేషన్ ఇవ్వమని రాసిచ్చింది నేనే, తనూజా. తల్లికి దెబ్బ తగిలింది, వచ్చిన రోజు మిగతా గంటలన్నీ కూర్చుంది, మార్కులున్నాయి అని రాశాను. సంతకం కూడా చేశాను. మంగళవారం ఈ గిన్నె వచ్చింది. ఒక్క రోజు ఆగి ఉంటే నీ పేరు ఆ లిస్టులోంచి పోయేది. ఇప్పుడు నా సంతకం ముందు పడిందా, గిన్నె ముందు వచ్చిందా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఏముంది? అందుకే నా సిఫారసు వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నోట్ రాసి మేడంకి ఇచ్చాను."

ఫ్యాను గిరగిర తిరుగుతోంది. తనూజ ఏడవలేదు. ఏడుపు కంటె ముందు ఆమెకు సాయిలు నడక కళ్లకు కట్టింది. నిన్న సాయంత్రం తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, 'ఉస్మాన్‌గంజ్ల దాణా తెస్త' అని చెప్పిపోయిన మనిషి. దాణా లేకుండా వచ్చి కూడా హుషారుగా ఉన్నాడు. కొత్త దూడకు పేరు పెట్టాలని రాత్రి లొల్లి లొల్లి చేశాడు.

"నన్నొకటి అడగనిస్తారా మేడం" అని గోవర్ధన్ సారే మళ్లీ మొదలుపెట్టాడు. "ఇన్ని ఇళ్లు తిరిగినా అరగంట ముందు రావడం అంత కష్టమా? ఎన్నిసార్లు చెప్పాను క్లాసులో. ప్రతి రోజూ ఇరవై నిమిషాలు లేటు. లెక్క పెట్టినట్టు ఇరవయ్యే."

"ఆఖరి ఇంట్ల ఎనిమిది ఇరవైకి గాని గిన్నె బయట పెట్టరు సార్."

"ఏ ఇల్లు అది? వాళ్లకు చెప్పుకోవచ్చుగా, కాలేజీ ఉందని."

తనూజ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"చెప్పు."

"పత్తర్‌గట్టి వెనుక గల్లీ సార్. మూడో అంతస్తు. ఆమె స్నానం జేసి, పూజ అయినంక గిన్నె బయట పెడ్తది. అంతకు ముందు బెల్లు గొడ్తే తిడ్తది. పాలు మైల పడ్తయంట. నేను మెట్ల మీద కూసొని స్టాటిస్టిక్స్ నోట్సు చదువుకుంట సార్." నేల చూస్తూ చెప్పింది. "మీరు ఎనిమిదింటికి బండి తాళాలు వట్టుకొని దిగుతరు. నేను గోడకు జరుగుత. ముఖానికి స్కార్ఫ్ ఉంటది గద, మీరు గుర్తుపట్టరు."

సార్ చేతిలో కళ్లజోడు మడత పడింది, తెరుచుకుంది, మళ్లీ మడత పడింది.

"నాలుగు నెలలు?" అన్నాడు చివరికి.

"ఔ సార్."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు మీ అమ్మను, లీలమ్మ పెద్దమ్మను అంటరు. ఆమె మా బాపును అంటది. పాలు పోసే ఇల్లు ఒకటి పోతది." చున్నీ వేలి నుంచి విప్పుకుంటూ, "గప్పుడు గింత దూరమొస్తదని తెల్వది సార్" అంది.

సుజన మేడం గోవర్ధన్ వైపు చూసింది. ఇప్పుడైనా ఒక మాట అంటాడేమోనన్న ఆశ ఆ చూపులో ఉంది. ఆయన అన్నాడు గాని, ఆమె అనుకున్న మాట కాదు.

"ఇప్పుడైతే నేను ఈ కేసులో అసలే వేలు పెట్టకూడదు మేడం. ఈ అమ్మాయి లేటుకు మా ఇల్లే కారణమైతే, నేను ఎటు సంతకం చేసినా తప్పే. మీరే చూడండి." కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరగకుండానే, "రేపట్నుంచి మా ఇంటికి పాలు పోయకమ్మా. నీ మంచికే చెప్తున్నా" అని వెళ్లిపోయాడు.

పాలు పోసే వాళ్లకు ఆ మాట ఎలా తగులుతుందో ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఇంకోలా చెప్పేవాడేమో. మంచి మనిషే మరి.

సుజన మేడం లేచి గిన్నె మీద మూత సరిగ్గా పెట్టింది. తన నీళ్ల సీసా తనూజ ముందుకు జరిపింది. తనూజ తాగలేదు.

"విను. సార్ నోట్ ఫైల్లో చేరిపోయింది. దాన్ని నేను చింపలేను. రేపు యూనివర్సిటీ నుంచి ఎవరైనా ఫైల్ తెరిస్తే, కానుక తీసుకొచ్చిన పిల్లకు కండోనేషన్ ఎలా ఇచ్చారని నన్నడుగుతారు. అప్పుడు నేను చూపించడానికి ఒక కాగితం కావాలి. మీ నాన్న రాసివ్వాలి. కావాలనే ఇచ్చాను, తప్పు నాది, నా కూతురికి తెలియదు అని. అది ఉంటే తండ్రి తప్పు వేరు, పిల్ల కేసు వేరు అని నేను విడదీసి పంపగలను. సార్ సిఫారసు లేకున్నా ఆస్పత్రి కాగితాల మీద పంపిస్తాను. అది నా పూచీ."

"లేకపోతే మేడం?"

"రేపు పదకొండింటికి లిస్టు అప్‌లోడ్ చేస్తాం. ఆ తర్వాత నా చేతిలో ఉండదు."

లేకపోతే ఏమిటో తనూజకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నాయన కూతురు స్రవ్య ఇట్లాగే ఒక్క సెమిస్టరు ఆగింది. డిటెయిన్ అయినోళ్లకు ఆ ఏడు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. వచ్చే ఏడు చేరుతుందిలే అన్నారు. నాలుగేళ్లయింది. ఇప్పుడు స్రవ్య అఫ్జల్‌గంజ్‌లో బట్టల షాపులో చీరలు మడత పెడుతుంది, తనూజ కనపడితే పుస్తకాల సంచి వైపు చూసి వేరే మాట ఎత్తుతుంది. వాళ్ల గల్లీలో చదువు ఒకసారి ఆగి మళ్లీ మొదలైన ఆడపిల్ల ఇప్పటిదాకా లేదు.

"ఏమని రాయాలి మేడం?"

"తెలుగులోనే రాయి. తర్వాత అర్థం కాలేదనకుండా." మేడం చెప్పింది, తనూజ రాసింది.

*నేను, పాల వ్యాపారి సాయిలు, నా కూతురు తనూజకు హాజరు మినహాయింపు ఇప్పించుకునే ఉద్దేశంతో, అధ్యాపకుల ఇంటికి వెళ్లి కానుక ఇచ్చి ప్రలోభపెట్టడానికి ప్రయత్నించాను.*

ప్రలోభం దగ్గర పెన్ను ఆగింది. ఆ మాట ఆమె ఎనిమిదో తరగతిలో నేర్చుకుంది. సొంత వాక్యంలో ప్రయోగించమంటే ఏదో రాసి పది మార్కులు తెచ్చుకుంది. ఇవాళ మళ్లీ సొంత వాక్యంలో రాసింది.

*ఈ సంగతి నా కూతురికి తెలియదు. నేను చేసింది తప్పని ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించగలరు.*

"కింద సంతకం. వేలిముద్ర అయినా సరే" అంది సుజన మేడం. తర్వాత ఆమెలోని ప్రిన్సిపాల్ కాస్త పక్కకు తప్పుకున్నట్టు, "వెరీ సారీ అమ్మా" అంది.

తనూజ కాగితం మడిచి నోట్సులో పెట్టుకుంది. గిన్నె ఎత్తుకుంది. కింద నల్లా దగ్గర కడిగింది. విరిగిన జున్ను కాలువలో పోతుంటే రాజన్న దూరం నుంచి చూసి దగ్గరికి రాకుండా నిలబడిపోయాడు.

* * *

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. ఉస్మాన్‌గంజ్ గోదాముల వెనుక గల్లీ. ఒక పక్క ఎండుమిర్చి ఘాటు, ఇంకో పక్క పేడ వాసన, నడుమ సాయిలు కొట్టం. పుష్పమ్మ, ఎముక ఇంకా అతకని కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. సాయిలు బర్రె పొదుగు కడుగుతున్నాడు. కూతుర్ని చూడగానే బకెట్ కింద పెట్టేశాడు.

"అచ్చినవా? సార్ గిట్ల కలిసిండా?"

తనూజ గిన్నె అతని కంట పడకుండా సంచిలోనే ఉంచింది. "కలిసిండు బాపు."

సాయిలు పుష్పమ్మ వైపు తిరిగి కన్ను గీటాడు. దొంగతనం బయటపడ్డ పిల్లాడి నవ్వు నవ్వాడు. "జెప్పలే నీకు. నిన్న జున్ను ఇచ్చొచ్చిన సార్ ఇంట్ల. ఏమన్నడు బిడ్డా? మంచిగున్నదన్నడా?"

పుష్పమ్మ నోరు వెళ్లబెట్టింది. "ఏందీ, దూడకు సాల్తలేదని నాకు జెప్పి సార్‌కు వోసొచ్చినవా? నీ కత పాడుగాను!"

"నువ్వు ఊకోయే. ఏమన్నడే?"

"మంచిగున్నదన్నడు" అంది తనూజ.

"ఇలాచి ఏసుకున్నరంటనా, మిరియాలా?"

"ఇలాచి."

"గదే నేననుకున్న. బాపనోళ్లు ఇలాచే ఏస్తరు. బెల్లమా, షక్కరా?"

"బాపూ..."

"సరే సరే, అడగ." లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. "ఏమీ అడగలే బిడ్డా నేను. ఒట్టు. నీ పేరొక్కటి జెప్పిన, గంతే. పెద్దోళ్ల నోట్లె తీపి వడ్తె మనసుల ఒక మంచి మాట వస్తది గదా అని. హాల్ టికెట్ ఇచ్చినరా?"

ఇదిగో, ఇక్కడే చెప్పెయ్యాలి. దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది: బాపు, నువ్వు ఇచ్చిన దాన్ని వాళ్లు లంచమన్నరు, దానికి నువ్వు ఔనని రాసియ్యాలె. రెండు ముక్కలు. నయాపూల్ దాటేటప్పుడు స్కార్ఫ్ కింద పెదాలతో అని కూడా చూసుకుంది. ఇప్పుడు సాయిలు ముఖం ఎదురుగా ఉంటే ఆ రెండు ముక్కలు ఎక్కడికో పోయాయి.

"రేపిస్తరు. నీ సంతకం గావాలంట. కాగితం రాసుకొచ్చిన."

సాయిలు నల్లా దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాడు. ఎండలో చేతులు ఆరబెట్టుకుని వచ్చాడు. రేషన్ షాపు మిషన్‌లో వేలు పడక నానా అవస్థ పడ్డ ఏడు, కూతురి దగ్గరే సంతకం నేర్చుకున్నాడు. మూడక్షరాలు రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. కాగితం పట్టుకుని, తలకిందులుగా ఉందేమో తిప్పి చూసుకుని, మళ్లీ ఆమె చేతికిచ్చాడు.

"చదువు. ఏమున్నదో ఇనకుంట ఎట్ల ఏస్త సంతకం? నువ్వే గదా జెప్పినవ్, చదివించుకోకుంట ఏడ వెట్టొద్దని."

తనూజ కాగితం విప్పింది. తన అక్షరాలే. గుండ్రంగా, ముద్దుగా, మార్కులు తెచ్చే అక్షరాలు.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడం గారికి" అని మొదలుపెట్టింది. కాగితంలో ఆ మాటే లేదు. "పాలు పోసే సాయిలు నమస్కారం చేసి రాయించుకున్నది."

"నమస్కారం మంచిగ వెట్టినవ్."

"నా బిడ్డ తనూజ పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. మూడు బర్రెల పాలు పిండుతుంది."

"మూడెక్కడియి? నాలుగు. తెల్లమూతిదాన్ని ఎవలు విండుతరు, నువ్వు గాదా? గదాన్నెందుకు ఇడిసిపెట్టినవ్?"

"నాలుగు" అంది తనూజ. "నాలుగు బర్రెల పాలు పిండి, పదకొండు ఇళ్లకు పోసి, ఏమీ తినకుండా కాలేజీకి పోతుంది. ఆమెకు ఆలస్యం ఐతే ఆ తప్పు ఆమెది కాదు. మా ఇంట్లో ఇంకో చెయ్యి లేక. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. ఆమెను పరీక్ష రాయనియ్యండి." కాగితం మీద ప్రలోభం అనే మాట పక్కన ఒక నీటి చుక్క పడింది. బొటనవేలితో అద్దింది. "నా బిడ్డ ఎవరికీ ఏ తప్పూ చెయ్యలేదు. మేమూ ఎవరికీ ఏ తప్పూ చెయ్యలేదు."

పుష్పమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సాయిలు గొంతు సవరించుకున్నాడు, ఎటో చూశాడు, బర్రె వీపు మీద వాలని ఈగను తోలాడు.

"ఇంకోటి రాయి. వాళ్లమ్మ చెయ్యిరిగిన తెల్లారి గూడ ఇంటర్నల్ రాసింది, ఇరవైకి పంతొమ్మిది దెచ్చింది అని రాయి. గది జెప్పకుంట ఎట్ల?"

"రాసిన బాపు."

"రాసినవా?" సాయిలు తృప్తిగా నవ్వాడు. "తెలివిగల్లదే నా బిడ్డ. ఏడ వెట్టాలె?"

ఆమె వేలు పెట్టి చూపించింది. సాయిలు గోడకు ఆనించి, నాలుక పంటికింద పెట్టుకుని, ఒక్కో అక్షరం గీశాడు. సా. యి. లు. చివర్న గీత కూడా గీశాడు. తనూజ ఆ చెయ్యి కదులుతున్నంత సేపూ దాన్నే చూసింది. ఆపమని ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట రాలేదు. స్రవ్య మడత పెట్టే చీరలు కళ్ల ముందు తిరిగాయి.

"ఇగ దే బాపు, నోట్సుల వెట్టుకుంట" అని చెయ్యి చాచింది.

సాయిలు ఇవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టాడు, గుండీ వేశాడు, పైనుంచి అరచేత్తో ఒత్తుకున్నాడు.

"నువ్వెందుకు దెస్తవ్? తండ్రి రాసిన కాగితం తండ్రి దెస్తెనే ఇజ్జతు. ఎన్ని గంటలకు?"

"బాపు, వద్దు. పదకొండింటి లోపట నేనే ఇస్త. వాళ్లు లోపటికి రానియ్యరు."

"ఎట్ల రానియ్యరు? సార్ ఉండె గద, మన జున్ను తిన్నోడు. నన్నుజూస్తె ఆయనే పిలుస్తడు." పుష్పమ్మ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఇన్నేండ్లు గేటు బయటికెళ్లే చూసిన ఆ కాలేజి. రేపు లోపటికి వోత. మేడం ముందర నిలవడ్త. చదువు రాకున్నా నోరున్నది నాకు. కాగితంల ఉన్నది మొత్తం నోటికొచ్చింది, జూడు."

సాయిలు బర్రె పక్కన గొంతుక్కూర్చుని, మొదటి ధార బకెట్టులో మోగుతుండగా, పరీక్షకు పోయే పిల్లాడిలా అప్పజెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడం గారికి, పాలు వోసే సాయిలు నమస్కారం జేసి..." ఆగి కూతురి వైపు చూశాడు. "గట్లనేనా?"

తనూజ తలూపింది.

"మేడంతోని గట్టిగ చదివిపిస్త. అందరు ఇనాలె" అన్నాడు సాయిలు. "పదకొండు గంటలకు గద? నేను పదింటికే ఆడుంట."